బీరువాలో వాన చప్పుడు

సౌండు సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, మెకానిక్ జవాబులు

ప్రశ్న: నాకు 57 ఏళ్లు. పిల్లలు తలో చెయ్యీ వేసి 42 వేల రూపాయల క్లోజ్డ్ బ్యాక్ (కప్పుల వెనక వైపు మూసి ఉండే) హెడ్‌ఫోన్స్ కొనిపెట్టారు. పొద్దున్నే కాఫీ తాగి, పేపర్ చదువుకుంటూ కచేరీలు వినడం నా అలవాటు. ఇంతకుముందు వాడినవి 1800 రూపాయలవి, చెవిలోకి దూర్చుకునే రకం. వాటిలో వినపడినంత మృదంగం కూడా వీటిలో వినపడట్లేదు. పైగా పాడేవాళ్లు ‘స’, ‘శ’ అన్నప్పుడల్లా చెవిలో గుండుసూది గుచ్చినట్టుంది. షాపాయన్ని అడిగితే, ‘‘ఖరీదైనవి సార్, 200 గంటలు ఆడితేగాని సెట్ అవ్వవు’’ అన్నాడు. అప్పట్నుంచి రోజూ రాత్రి పింక్ నాయిస్ (వానలా ఆగకుండా హోరుమనే చప్పుడు) పెట్టి, చప్పుడు బయటికి రాకుండా బీరువాలో పెడుతున్నాను. ఎనిమిది రాత్రులయ్యాయి, 60 గంటలు దాటాయి. బీరువాలో వాన పడుతున్నట్టుందని మా ఆవిడ గొడవ. తేడా వచ్చినట్టూ ఉంది, రానట్టూ ఉంది. ఇంకా ఆగాలా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: ముందు బిల్లు తీసి, వెనక సన్న అక్షరాల్లో ఏముందో చూడండి. మీ బిల్లు మీద ‘పది రోజుల్లోపు వాపసు’ అని ఉంది. కొన్నిచోట్ల ఏడు రోజులే ఇస్తారు. రాత్రికి ఎనిమిది గంటల చొప్పున 200 గంటలంటే 25 రాత్రులు. మిగతా లెక్క మీరే వేసుకోండి.

ఇది అచ్చయ్యేసరికి మీ గడువు ఎటూ దాటిపోతుందని మెసేజ్ చూసిన పూటే ఫోన్ చేశాను, సాయంత్రానికి మీ ఇంటికి వచ్చాను కూడా. ఏలూరు రోడ్డులో మా షాపు నుంచి పటమట ఎంత దూరం గనక. అయితే ఇదే ప్రశ్న ఈ నెలలో ఇంకో నలుగురు అడిగారు. అందుకని మీ ఇంట్లో సగం సగం చెప్పిందంతా ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

షాపాయన అబద్ధమాడాడని నేను అనను. నెల తర్వాత కనపడిన ప్రతి కస్టమరూ ‘‘మీరన్నట్టే ఇప్పుడు అద్భుతంగా ఉందండీ’’ అనే చెప్పి ఉంటాడు. నచ్చనివాళ్లు ఆ షాపు మెట్లు మళ్లీ ఎక్కరు, ఎక్కినా గడువు దాటిపోయింది కాబట్టి ఆయన చేసేదేమీ లేదు. మెచ్చుకున్నవాళ్లనే పదేళ్లు చూస్తే నేనైనా అదే నమ్ముతాను.

మనవాళ్లకి ఈ మాట ఇట్టే ఎక్కడానికి ఇంకో కారణం ఉంది. మనింట్లో మంచివన్నీ ఆగితేనే బాగుంటాయి. ఆవకాయ మూడో రోజు తిరగ్గలపాలి. నూజివీడు రసాలు గడ్డిలో మగ్గాలి. కొత్త పెనం మీద నాలుగు అట్లు అతుక్కుని చిరిగాకే ఐదోది లేస్తుంది. స్కూటర్ కొన్న కొత్తలో నలభై దాటనిచ్చేవాళ్లం కాదు. అలాంటప్పుడు 42 వేల వస్తువు కూడా ఊరాలంటే నమ్మబుద్ధి వేస్తుంది. కానీ పెనం మీద నూనె పొర కడుతుంది. స్కూటర్‌లో పిస్టన్ రింగులు సిలిండర్‌కి ఒరుసుకుని కుదురుకుంటాయి. మరి హెడ్‌ఫోన్స్‌లో ఏది దేనికి ఒరుసుకుంటోంది? ఆ రోజు షాపాయన్ని ఈ ఒక్క ముక్క అడిగి ఉండాల్సింది.

స్పీకర్ల విషయంలో అయితే ఈ మాటలో నిజముంది. ముప్ఫై అయిదేళ్లుగా నా పనే అది. పెళ్లిళ్లకి మైక్‌సెట్లు తిప్పేవాళ్లు కాయిల్ కాల్చుకుని తెచ్చిన 15 అంగుళాల బేస్ స్పీకర్లకి కొత్త కాయిల్ వేసి, కొత్త కోన్ అతికించి ఇస్తుంటాను. కోన్ కింద ముడతలు ముడతలుగా ఒక గుడ్డ చక్రం ఉంటుంది, స్పైడర్ అంటాం. జిగురు పట్టించి గట్టిపరిచిన గుడ్డ అది. కొత్తదాన్ని వేలితో నొక్కితే గంజి పెట్టిన చొక్కా కాలర్‌లా ఎదురు తిరుగుతుంది. రెండు గంటలు గట్టిగా ఆడించి నొక్కితే మెత్తబడి ఉంటుంది. ప్రతి స్పీకర్‌కీ మీటర్ పెట్టి రెజొనెన్స్, అంటే కోన్ తనంతట తాను తేలిగ్గా ఊగే స్వరం చూసి నోట్‌బుక్‌లో రాసుకోవడం నాకు అలవాటు. మొన్న సత్తెనపల్లి వాళ్ల స్పీకర్ ఒకటి అతికించగానే 48 హెర్ట్జ్ చూపించింది, మధ్యాహ్నం దాకా ఆడాక 44. ఆ తర్వాత రెండు రోజులు షాపులోనే ఉన్నా 44 దగ్గరే నిలబడింది. మారేదేదో మొదటి గంటల్లోనే మారిపోతుంది. పైగా ఆ స్పీకర్‌ని డబ్బాలో బిగించాక కొలిస్తే ఆ కాస్త తేడా కూడా ఇంకా చిన్నదవుతుంది. డబ్బాలో ఉన్న గాలే ఒక స్ప్రింగు కదా. గుడ్డ మెత్తబడుతుంది గానీ గాలి మెత్తబడదు.

ఇప్పుడు హెడ్‌ఫోన్స్ లోపలికి రండి. రిపేరుకి వచ్చిన జత ఒకటి విప్పి టేబుల్ లైటు కింద పెట్టి మా మనవడికి చూపించాను. నాలుగు సెంటీమీటర్ల గుండ్రటి ప్లాస్టిక్ రేకు, ఉల్లిపొరలా అవతలి వెలుతురు కనపడుతుంది. అంచు చుట్టూ సన్నటి ముడతలు. ఆ రేకు ఆ ముడతల మీదే ఊగుతుంది. స్పైడర్ లేదు, గుడ్డ లేదు, గంజి కాలర్ అసలే లేదు. వెనక వెంట్రుకంత తీగతో చుట్టిన కాయిల్. మా బేస్ స్పీకర్ కోన్ ఊగడం కంటికి కనపడుతుంది, చెయ్యి పెడితే తోస్తుంది. ఈ రేకు మామూలు సౌండ్‌లో కదిలేది మిల్లీమీటరులో ఏ కొంచెమో. మెత్తబడడానికి అందులో ఉన్న సరుకే తక్కువ.

కొలిచి చూసినవాళ్లూ ఉన్నారు. షూర్ కంపెనీ 1997లో తెచ్చిన ఈ1 ఇయర్‌ఫోన్స్ బాగా వాడేసిన జతల్ని మళ్లీ కొలిచి, కొత్తలో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయని చెప్పింది. అమెరికాలో హెడ్‌ఫోన్స్ కొలతలకి పేరున్న టిల్ హెర్ట్‌సెన్స్ ఏకేజీ కంపెనీ జతల మీద గంటల తరబడి ఈ పరీక్షే చేశాడు. మార్పు కనపడింది గానీ మరీ చిన్నది. హెడ్‌ఫోన్స్ ఒకసారి తీసి మళ్లీ పెట్టుకున్నారనుకోండి. కప్పు చెవి మీద ఒక అర సెంటీమీటరు జరిగినా చాలు, కీచు స్వరాల్లో దానికంటే పెద్ద తేడా వస్తుంది. తీసి పెట్టుకున్న ప్రతిసారీ మనం ఒక కొత్త జత వింటున్నట్టే లెక్క.

‘‘మరి నాకు తేడా తెలిసింది కదా’’ అంటారు. తెలిసి ఉంటుంది, కాదనను. రెండు చోట్ల నుంచి వస్తుంది ఆ తేడా. ఒకటి ఇయర్ ప్యాడ్స్. కొత్త స్పాంజి బిర్రుగా ఉంటుంది, కొన్ని వారాలకి మీ దవడ, కణత ఆకారానికి నలుగుతుంది. స్పాంజి నలిగితే డ్రైవర్ (ఆ రేకు, కాయిల్ కలిసిన భాగం) చెవికి దగ్గరవుతుంది, సందులు మూసుకుంటాయి, బేస్ నిలబడుతుంది. సెట్ అవ్వడమంటూ ఏదైనా ఉంటే ఇదే. కానీ దీనికి మీ తల కావాలి. బీరువాలో పెడితే ప్యాడ్స్‌కి మీ దవడ ఎలా ఉంటుందో ఎలా తెలుస్తుంది?

రెండోది మన బుర్ర. మేం సత్యనారాయణపురంలో పెరిగాం, ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డు ఉన్నచోట రైలు పట్టాలు ఉన్నప్పుడు. గుడివాడ వైపు వెళ్లే రైలు మా వంటింటి కిటికీ పక్క నుంచి పోయేది. చుట్టాలొస్తే రాత్రంతా నిద్ర ఉండేది కాదు వాళ్లకి. మాకు రైలు వెళ్లిన సంగతే తెలిసేది కాదు. పట్టాలు తీసేశాక కొన్నాళ్లు మా అమ్మ తెల్లవారుజామున ఉలిక్కిపడి లేచేది, ఏదో వినపడలేదని. కొత్త హెడ్‌ఫోన్స్‌లో ‘స’ గుచ్చుకోవడం కూడా రోజూ వింటూ పోతే అలాగే మాసిపోతుంది. రైలు ఏమీ మెత్తబడలేదు కదా, మేం అలవాటు పడ్డాం.

ఇది నా అభిప్రాయమేనా, నిజమేనా అని నాకూ అనుమానం వచ్చి పోయినేడు మా ఇంట్లో ఒక ఆట ఆడాం. నా హెడ్‌ఫోన్స్ రెండేళ్లుగా వాడినవి. మా బావమరిది అదే మోడల్ కొత్తగా కొన్నాడు. మా మనవడు వెనక నిలబడి నెత్తిన పెడతాడు, మేం చూడకుండా కళ్లకి తువాలు కట్టుకుని ‘పాతది’, ‘కొత్తది’ అని చెప్పాలి. రెంటికీ సౌండ్ ఒకే స్థాయిలో ఉండేలా ముందే మీటర్‌తో సరిచేశాను. ఈ పని చెయ్యకపోతే ఆట దండగ, ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా అదే బాగుందంటుంది చెవి. పదిసార్లలో పదిసార్లూ నేను సరిగ్గా చెప్పాను! మీసం మెలేశాను కూడా. అప్పుడు మనవడు, ‘‘తాతయ్యా, నువ్వు వినడం లేదు, కొత్త ప్యాడ్ గట్టిగా ఉంది, దాన్ని బట్టి చెప్తున్నావ్’’ అన్నాడు. ప్యాడ్స్ అటువి ఇటు మార్చాడు. అంతే, ఆ తర్వాత పాతదాన్ని కొత్తదని, కొత్తదాన్ని పాతదని వరసపెట్టి తప్పే చెప్పాను. నాకు వినపడిన తేడా అంతా ఆ రెండు స్పాంజి చక్రాల్లో ఉంది. మా బావమరిది ఆ రోజు నుంచి నా కాలమ్ చదవడం మానేశానని చెప్పుకుంటున్నాడు.

ఇక పటమటలో జరిగింది. మీకు తెలిసిందే, మిగతావాళ్ల కోసం రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. గుమ్మంలో అడుగు పెట్టగానే మీ ఆవిడగారు, ‘‘అన్నయ్యగారూ, ముందు ఆ బీరువాలో వాన ఆపించండి’’ అన్నారు. మెసేజ్ చదివినప్పుడే నాకు ఒక విషయం తట్టింది. 57 ఏళ్లు, పేపర్ చదువుతూ వింటారు. అంటే చత్వారం కళ్లజోడు ఉండి తీరాలి. ఉంది. నల్లటి ఫ్రేము, కాడ ఒక్కోటీ నా చిటికెన వేలంత లావు. ఆ కాడ మీద నుంచి ప్యాడ్ కూర్చుంటే చెవి వెనక వేలు దూరేంత సందు. పాత ఇయర్‌ఫోన్స్ చెవిలోకి దూరేవి కాబట్టి వాటికి కళ్లజోడుతో పని లేకపోయింది. ఈ రకంలో మాత్రం ఆ సందులోంచే బేస్ మొత్తం జారిపోతుంది. సైకిల్ ట్యూబుకి సూది మొన అంత చిల్లు పడినా గాలి నిలవదు కదా, అలాగే.

కచేరీ పెట్టించి, తని ఆవర్తనం (తాళవాద్యాలు మాత్రమే మోగే ఘట్టం) మొదలయ్యాక రెండు అరచేతులతో కప్పుల్ని లోపలికి మెల్లగా ఒత్తాను. మీరు చప్పున పేపర్ కింద పెట్టేశారు. ‘‘అరె, గుమికి!’’ అన్నారు, మృదంగం ఎడమవైపు మంద్రంగా మోగే మోత అది. చేతులు తీసేశాను, పోయింది. ఒత్తాను, వచ్చింది. కళ్లజోడు తీయించి మామూలుగా పెట్టించాను, నా చేతులు లేకుండానే మృదంగం ఎడమవైపు నిండుగా మోగింది. ఎనిమిది రాత్రుల పింక్ నాయిస్ చెయ్యలేనిది కళ్లజోడు తీస్తే అయిపోయింది. మీరు కాసేపు ఏమీ మాట్లాడలేదు. మీ ఆవిడగారు మాత్రం వంటింట్లోంచి నవ్వారు.

‘స’ సంగతి వేరు. అది సందు వల్ల వచ్చింది కాదు, ఆ మోడల్ స్వభావం. ఫోన్‌లో ఈక్వలైజర్ (ఏ స్వరాలు ఎంత వినపడాలో సరిచేసేది) తెరిచి 6, 7 వేల హెర్ట్జ్ దగ్గర మూడు డెసిబెల్స్ దించాం. గుండుసూది పోయింది, వయొలిన్ మెరుపు కొంచెం తగ్గింది. అంతకంటే ఎక్కువ దించితే గొంతుకి దుప్పటి కప్పినట్టు అయింది, వెనక్కి తెచ్చాం. ఇంకా రెండు రోజులు గడువుంది కాబట్టి, ఆ రెండు రోజులూ మీకు తెలిసిన కచేరీలే వినమని, నచ్చకపోతే మొహమాటం లేకుండా తిరిగి ఇచ్చేయమని చెప్పి వచ్చాను. ఉంచుకున్నారని తెలిసింది. సన్న తీగ ఫ్రేము కళ్లజోడు చేయించుకున్నారని కూడా.

మిగతా నలుగురికీ ఒక మాట. కొత్త జత ఇంటికొచ్చిన రోజే చూడాల్సినవి కొన్నున్నాయి, అవి ఎన్నాళ్లు ఆడించినా మగ్గవు. ఒక మనిషి మాట్లాడే రికార్డింగ్ మోనోలో (రెండు చెవులకీ ఒకటే సౌండ్ వచ్చేలా) పెట్టండి, గొంతు సరిగ్గా నుదుటి మధ్య నిలబడాలి. ఒక పక్కకి లాగుతుంటే తిప్పి పెట్టుకుని చూడండి. గొంతు కూడా పక్క మారితే తప్పు హెడ్‌ఫోన్స్‌దో ఫోన్‌దో, మారకపోతే మీ చెవిది. తర్వాత సన్నటి సౌండ్‌లో 20 హెర్ట్జ్ నుంచి పైకి జరిగే టోన్ ఒకటి వినండి. మధ్యలో ఎక్కడైనా ఈగ వాలినట్టు జుయ్‌మంటే రేకు మీద వెంట్రుక గానీ చెత్త గానీ పడి ఉండొచ్చు, లేదా కాయిల్ రాసుకుంటూ ఉండొచ్చు. వైరుని ప్లగ్ దగ్గర కదిపి చూడండి. వీటిలో ఏది ఉన్నా ‘ఆడించండి, సర్దుకుంటుంది’ అనే మాట వినొద్దు, బిల్లు పట్టుకుని వెళ్లండి.

ప్రశ్న: పింక్ నాయిస్ ఫుల్ వాల్యూమ్‌లో 48 గంటలు ఆపకుండా పెడితే బర్న్ ఇన్ (ఆడించి సెట్ చెయ్యడం) త్వరగా అయిపోతుందా? మధ్యలో చెక్ చెయ్యడానికి అప్పుడప్పుడూ పెట్టుకుని వింటున్నాను.
– బీటెక్ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: బాబూ, బర్న్ ఇన్ కాదు, అచ్చంగా బర్న్ అయినా అవ్వొచ్చు. పింక్ నాయిస్‌లో ప్రతి ఆక్టేవ్‌కీ (సంగీతంలో స్థాయి అంటాం) సమానంగా శక్తి ఉంటుంది, పాటలో ఉన్నట్టు మధ్యలో ఊపిరి తీసుకునే చోటు ఉండదు. వెంట్రుకంత తీగకి రెండు రోజులు ఏకధాటిగా ఆ వేడి. కాలిన కాయిల్ వాసన మా షాపులో ఎవరు తలుపు తెరిచినా తెలుస్తుంది, అది ఏ సెంటుతోనూ పోదు.

‘అప్పుడప్పుడూ పెట్టుకుని’ అన్న ముక్క చదివాక హెడ్‌ఫోన్స్ గొడవ వదిలేశాను. వారానికి 40 గంటలు వినేట్టయితే 80 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. పైకి పోయేకొద్దీ ప్రతి మూడు డెసిబెల్స్‌కీ వినదగ్గ సమయం సగం అవుతుంది. 90 దగ్గరికి వచ్చేసరికి వారం మొత్తానికి నాలుగు గంటలే. ఫుల్ వాల్యూమ్‌లో చాలా జతలు అంతకంటే పైనే ఉంటాయి. మైక్‌సెట్ల మధ్య బతికిన మా తరంలో సగం మందికి ఇవాళ మనవలు పిలిస్తే వినపడదు. డ్రైవర్ పోతే నేను మారుస్తాను, చెవి మార్చేవాడు ఏలూరు రోడ్డులో లేడు.

ప్రశ్న: నేను సంగీతం టీచర్ని. అమ్మాయి అమెరికా నుంచి సెన్‌హైజర్ హెచ్‌డీ 600 పంపింది. ఫోన్‌కి పెడితే సౌండ్ ఆఖరుకంటా పెంచినా పీలగా ఉంటోంది. కొన్నాళ్లు వాడితే సౌండ్ పెరుగుతుందని ఇక్కడి కుర్రాడు చెప్పాడు. నిజమేనా అండీ?
– ఒక పాఠకురాలు, మొగల్రాజపురం

జవాబు: పెరగదమ్మా. 1997 నుంచీ అమ్ముతున్న మోడల్ అది, ఇంపెడెన్స్, అంటే కరెంటుకి అది అడ్డుపడే కొలత, 300 ఓమ్స్. ఫోన్‌తో వాడే మామూలు హెడ్‌ఫోన్స్ 32 ఓమ్స్ దగ్గర ఉంటాయి. ఫోన్ ఒక వోల్ట్ ఇస్తుందనుకుంటే 32 ఓమ్స్ జతకి దాదాపు 31 మిల్లీవాట్స్ చేరుతుంది, మీదానికి మూడు చిల్లర. కొళాయిలో ప్రెజర్ లేనప్పుడు పై అంతస్తు బాత్రూంలో ఎన్నాళ్లు ఆగినా నీళ్లు పెరగవు కదా, మోటారు పెట్టాలి. మీకు కావాల్సింది ఒక చిన్న హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్, లేదా ఫోన్‌కి తగిలించే, వోల్టేజీ బాగా ఇచ్చే డాంగిల్. కొనేముందు 300 ఓమ్స్‌కి ఎంత ఇస్తుందో పెట్టె మీద చూడండి, 32 ఓమ్స్ అంకె మాత్రమే వేసి ఊరుకుంటే కొనొద్దు.

పీలగా అనిపించడానికి ఇంకో కారణం చెప్తాను. సౌండ్ తగ్గేకొద్దీ చెవి ముందు వదిలేసేది బేస్‌నే. 1933లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు మనుషుల్ని కూర్చోబెట్టి దీన్ని గీతలు గీసి మరీ చూపించారు. మీరు తంబుర శ్రుతి పాఠం చెప్పేటప్పుడు గమనించే ఉంటారు, దూరంగా జరిగితే మంద్రం ముందు పోతుంది, పంచమం మిగులుతుంది. ఆంప్లిఫయర్ పెట్టాక తంబుర ఒకటి విని నాకు రాయండి.

ప్రశ్న: మావి ప్లానార్ హెడ్‌ఫోన్స్. వాటికైనా బర్న్ ఇన్ కావాలా?
– లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: అందులో కాయిల్ బదులు పల్చటి ఫిల్మ్ మీదే రాగి గానీ అల్యూమినియం గానీ గీతల్లా పరిచి, అయస్కాంతాల మధ్య బిగించి పెడతారు. ఆ బిగుతు ఫ్యాక్టరీలో ఎంత పెట్టాలో అంత పెట్టే పంపుతారు. అది సడలిందంటే మగ్గినట్టు కాదు, పాడైనట్టు. ప్యాడ్స్ సందుల విషయంలో మాత్రం ఇవి చాలా పట్టింపు, పైన పటమట ఆయనకి ఇచ్చిన జవాబు చదవండి.

ప్రశ్న: ఆరు వేలు పెట్టి కొత్త కేబుల్ తీసుకున్నా. దానికీ 100 గంటలు కావాలంటున్నారు.
– గాంధీనగర్

జవాబు: మా ఇంట్లో మీటర్ నుంచి ఫ్యాను దాకా ఉన్న రాగి వైరు ముప్ఫై ఏళ్లుగా మగ్గుతోంది. గాలి రుచి ఏమీ మారలేదు.

ప్రశ్న: రెండేళ్లకే ఇయర్ ప్యాడ్స్ నల్ల పొట్టులా రాలిపోతున్నాయి. చెవుల మీద, మెడ మీద, తలగడ మీద అంతా అదే. ఇంత డబ్బు పోసి కొంటే నాసి రకం అంటగట్టారా?
– భవానీపురం

జవాబు: నాసిరకం అని తీర్పు చెప్పలేను, ఊరు అలాంటిది. ఆ ప్యాడ్స్ తోలు కావు, గుడ్డ మీద పాలియురెథేన్ పూత. తేమ, చెమట, వేడి కలిస్తే ఆ పూత లోపల్నుంచే విరిగిపోతుంది, వాడకుండా పెట్టెలో దాచినా సరే. మన బెజవాడలో ఏప్రిల్ నుంచి కృష్ణ ఒడ్డు గాలి ఎలా ఉంటుందో తెలిసిందే కదా, ఫ్యాను కింద కూర్చున్నా మెడ తడే. విన్నాక పొడి గుడ్డతో తుడిచి, ఆరాకే పెట్టెలో పెట్టండి. స్పిరిటు, శానిటైజరు రాయొద్దు, ఇంకా తొందరగా లేస్తుంది. మీ మోడల్‌కి విడి ప్యాడ్స్ దొరికితే వెల్వెట్ లాంటి గుడ్డవి చూడండి, రాలవు. అయితే బేస్ కొంచెం తగ్గుతుంది, మారే తేడా మొదటి రోజే తెలిసిపోతుంది కాబట్టి కంగారు పడొద్దు.

బీరువాలో బట్టల మధ్య మాత్రం దాచొద్దు. కలరా ఉండల వాసన స్పాంజికి పట్టిందంటే వదలదు. పటమట ఆయనకి ఇప్పుడు మిగిలిన బాధ అదొక్కటే. ప్యాడ్స్ ఊడదీసి నీడలో గాలికి ఆరేయమన్నాను, వారమైంది. ఇంకా పోలేదట.